చిన్నపిల్లల చదువులో ఎమ్మెస్సీ: చేరేముందు ఆ కాలేజీ నర్సరీ చూసి రండి

హ్యూమన్ డెవలప్‌మెంట్ అండ్ ఫ్యామిలీ స్టడీస్‌లో ఎమ్మెస్సీకి నేను 2021లో చేరాను, 2023లో పూర్తయింది. దానికి ముందు ఆరేళ్లు ఒక ప్లేస్కూల్లో టీచర్‌గా చేశాను. ఇప్పుడు అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థలో పని. నెలకు ఇద్దరు ముగ్గురైనా ఫోన్ చేసి, "అక్కా, ఆ కోర్సు చేయొచ్చా, చేస్తే ఉద్యోగం వస్తుందా, ఇంట్లో వద్దంటున్నారు" అని అడుగుతుంటారు. ఒక్కొక్కరితో అరగంట మాట్లాడతాను, ఫోన్ పెట్టేశాక మాత్రం ముఖ్యమైనది ఏదో చెప్పలేదే అనిపిస్తుంది. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. నేను చదివిన కాలేజీ పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొన్ని ఫిర్యాదులు కూడా ఉన్నాయి, అక్కడ మా జూనియర్లు ఇంకా చదువుతున్నారు. ప్రభుత్వ యూనివర్సిటీ కింద ఉన్న హోమ్ సైన్స్ కాలేజీ అనుకోండి, సరిపోతుంది.

ముందే మార్కులు చెప్పేస్తాను. మొత్తంగా ఐదుకి నాలుగు. ల్యాబ్ నర్సరీకి ఐదుకి ఐదు, ఇంకా ఎక్కువ ఇవ్వడానికి వీలుంటే ఇచ్చేదాన్ని. టీచర్లకి నాలుగు. సిలబస్‌కి మూడు. ఉద్యోగం చూపించడంలో ఒకటి.

ల్యాబ్ నర్సరీ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం. హోమ్ సైన్స్ కాలేజీల్లో చాలావాటికి, అంటే ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ అని పేరు మార్చిన వ్యవసాయ యూనివర్సిటీ కాలేజీలతో సహా, ఆవరణలోనే ఒక చిన్న నర్సరీ స్కూల్ ఉంటుంది. చుట్టుపక్కల ఇళ్ల పిల్లలు, స్టాఫ్ పిల్లలు, రెండున్నర ఏళ్ల నుంచి ఐదేళ్ల వరకు, మామూలు బడికి వచ్చినట్టే వస్తారు. కెమిస్ట్రీ వాళ్లకి ల్యాబ్ ఎలాగో మనకి ఇది అలాగ. ఢిల్లీ లేడీ ఇర్విన్ కాలేజీలో రాజకుమారి అమృత్ కౌర్ చైల్డ్ స్టడీ సెంటర్, బరోడా ఎమ్.ఎస్. యూనివర్సిటీలో చేతన్ బాలవాడి ఇలాంటివే, పేరున్నవి. మాది అంత పెద్దది కాదు. రెండు గదులు, ఒక వరండా, వరండా చివర వేపచెట్టు కింద ఇసుక, దాని పక్కన సిమెంటు నీళ్ల తొట్టి. నలభైమంది లోపు పిల్లలు.

మొదటి వారంలోనే మమ్మల్ని అక్కడ కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి ఒక్కో పిల్లని చూపించి, ఇరవై నిమిషాలు చూసి రాయమన్నారు. ఆరేళ్లు ప్లేస్కూల్లో చేసి వచ్చాను కదా, నాకు ఇదేం పెద్ద పనిలే అనిపించింది. నాకు ఇచ్చిన బాబుకి అప్పుడు మూడేళ్ల ఎనిమిది నెలలు. నేను రాసింది ఇప్పటికీ ఆ పుస్తకంలో ఉంది: "బాబు చాలా అల్లరివాడు. ఎవరితోనూ కలవడు. ఏకాగ్రత తక్కువ. నీళ్లతో ఆడుతూ బట్టలన్నీ తడుపుకున్నాడు." మేడమ్ చదివి, మూడుచోట్ల ఎర్ర ఇంకుతో గీత పెట్టారు. అల్లరివాడు, కలవడు, ఏకాగ్రత. "ఇవి నువ్వు చూశావా అమ్మా, అనుకున్నావా? వాడు చేతులతో ఏం చేశాడు, కళ్లు ఎటు పెట్టాడు, ఎంతసేపు చేశాడు, అది రాయి. రేపు మళ్లీ వాడినే చూడు" అన్నారు.

మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చున్నాను. వాడు తిన్నగా తొట్టి దగ్గరికే వచ్చాడు. స్టీలు గ్లాసుతో నీళ్లు ముంచి సన్నమూతి సీసాలో పోయడం మొదలుపెట్టాడు. సీసా నిటారుగా నిలబెట్టి, పైనుంచి గ్లాసు ఒక్కసారిగా వంపేస్తున్నాడు, నీళ్లన్నీ బయటికే. నేను గీతలు పెట్టుకుంటూ లెక్కపెట్టాను, పదకొండుసార్లు అలాగే పోశాడు. పన్నెండోసారి సీసాని కొంచెం పక్కకి వంచి పట్టుకున్నాడు. గుక్కెడు నీళ్లు లోపలికి వెళ్లాయి. సీసా ఎత్తి వెలుతురులో పెట్టి చూశాడు. తర్వాత అవతలవైపు ఒక పాప గరాటుతో పోస్తుంటే, పోస్తున్నది ఆపేసి చూస్తూ నిలబడ్డాడు. అడగలేదు, లాక్కోలేదు. మెల్లగా జరిగి జరిగి ఆ పాపకి జానెడు దూరంలో నిలబడి, పక్కపక్కనే ఆడుకోవడం మొదలుపెట్టాడు. పాప వెళ్లిపోయాక గరాటు తీసుకుని, సీసాలో పెట్టి, నిండా నింపాడు. అప్పుడు ఒక్కసారి నావైపు చూశాడు. మొత్తం ఇరవై మూడు నిమిషాలు. ఆ పిల్లాడి గురించి నేను ముందురోజు ఏకాగ్రత తక్కువ అని రాశాను.

ఆ రోజు హాస్టల్‌కి వచ్చాక అన్నం తినలేకపోయాను. ప్లేస్కూల్లో పేరెంట్స్ మీటింగ్ రోజున ఎంతమంది తల్లులతో "మీవాడికి కాన్సంట్రేషన్ లేదండీ, ఇంట్లో కూడా కాస్త కూర్చోబెట్టి రాయించండి" అన్నానో గుర్తొచ్చింది. ఒకావిడ నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, నా మాట విని, వాడిని అక్కడే గట్టిగా చెయ్యి పట్టి లాక్కెళ్లింది. వాడి వయసు మూడున్నర. నేను చెడ్డ టీచర్‌ని కాదు, పిల్లలంటే ప్రాణం పెట్టేదాన్ని, కానీ చూడటం నాకు ఎవరూ నేర్పలేదు. నాకు చేరగానే ఇచ్చిన శిక్షణ అంతా కలిపి నాలుగు రోజులు, అందులో రెండు రోజులు చార్టులు అంటించడం, పేరెంట్స్‌తో ఎలా మాట్లాడాలో చెప్పడం.

రెండేళ్లలో అలాంటి పరిశీలన పుస్తకాలు నాలుగు నింపాను. ఈ కోర్సులో నాకు దక్కిన ఆస్తి అదే. ఎవరైనా ఈ సబ్జెక్టులో పీజీ చేస్తామంటే నేను అడిగే మొదటి ప్రశ్న కూడా అందుకే అదే: అక్కడ నర్సరీ ఉందా, ఉంటే మిమ్మల్ని వారానికి ఎన్ని రోజులు అందులో కూర్చోబెడతారు? పుస్తకాలు ఎక్కడైనా చదువుకోవచ్చు. పిల్లల ఆలోచన మీద పరిశోధించిన పియాజే చెప్పిన సన్నగ్లాసు, వెడల్పు గ్లాసు ప్రయోగం డిగ్రీలోనే బట్టీపట్టాను, మార్కులు కూడా వచ్చాయి. కానీ నాలుగేళ్ల పాప ముందు రెండు ఒకేలాంటి గ్లాసుల్లో మజ్జిగ పోసి, సమానమేనా అంటే ఆ అని తల ఊపి, ఒకదాన్ని తన కళ్లముందే పొడవు గ్లాసులోకి వంపగానే "ఇందులోనే ఎక్కువ, నాకు ఇదే కావాలి" అని రెండు చేతులతో పట్టుకున్నప్పుడు గానీ నాకు తెలియలేదు, ఆ వయసులో లెక్క అంటే కళ్లకి కనిపించేదే అని. అలాంటి పాపచేత వందదాకా అంకెలు రాయించి ఏం సాధించాను అన్ని రోజులు?

మిగతా సబ్జెక్టులు త్వరగా చెప్పేస్తాను. పిల్లల ఎదుగుదల సిద్ధాంతాలు, కుటుంబం, తల్లిదండ్రుల విద్య, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు, రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్, చివరి రెండు సెమిస్టర్లు థీసిస్. చరిత్ర పాఠం మాత్రం నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అప్పటిదాకా ఈ చదువంతా బయటిదేశం సరుకు అనుకునేదాన్ని. గిజుభాయి బధేకా లాయరు పని వదిలి భావ్‌నగర్‌లో 1920లో బాలమందిర్ పెట్టడం, మాంటిస్సోరీ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకి శిక్షణ ఇవ్వడం, తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ కలిసి 1945 నుంచి మహారాష్ట్ర తీరంలో బోర్డీలోనూ తర్వాత కోస్బాడ్‌లోనూ ఆదివాసీ పిల్లల వాకిళ్లలోకే బడిని తీసుకెళ్లడం, ఇవన్నీ చదివాక అంగన్‌వాడీ అనే మాట నాకు వేరేగా వినిపించడం మొదలైంది. 1975 అక్టోబర్ 2న అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం 33 బ్లాకుల్లో మొదలైంది, ఇప్పుడు దేశమంతా కలిపి దాదాపు 14 లక్షల కేంద్రాలు. తెలంగాణలోనే 35,700, ఆంధ్రలో 55,607. మన సందు చివర ఉండే ఆ ఒక్కగది కేంద్రం వెనక ఇంత కథ ఉంది.

ఇంకోటి, ఒక పెద్ద అధ్యయనాన్ని మాకు వరసగా మూడు క్లాసుల్లో చెప్పారు. ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీ వాళ్లు, పల్లె పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ సెంటర్ కలిసి 2011 నుంచి ఐదేళ్లపాటు చేసింది. అస్సాం, రాజస్థాన్, తెలంగాణ పల్లెల్లో నాలుగేళ్ల పిల్లలు సుమారు 14 వేలమందిని ఎనిమిదేళ్లు వచ్చేదాకా వెంట ఉండి చూశారు. అంగన్‌వాడీల్లో చదువు పెద్దగా జరగడం లేదని, ప్రైవేట్ బడుల్లో జరుగుతున్నది ఆ వయసుకి తగిన చదువు కాదని, అంటే ఒకటో తరగతి పాఠాన్ని మూడేళ్ల పిల్లల మీద పెడుతున్నారని అందులో తేలింది. నేను ఆరేళ్లు పనిచేసింది ఆ రెండోదాంట్లో. ఎల్‌కేజీలో నాలుగు గీతల కాపీ, హోంవర్కు, డిక్టేషన్. తల్లిదండ్రులు అడుగుతున్నారని మేనేజ్‌మెంట్ అనేది, బడి పెడుతోందని తల్లిదండ్రులు అనుకునేవాళ్లు.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది, సిలబస్ పాతది. మేము మూడో సెమిస్టర్‌లో ఉండగా, 2022 అక్టోబర్ 20న, 3 నుంచి 8 ఏళ్ల పిల్లల కోసం జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం విడుదలైంది. 2020 విద్యా విధానంలో 5+3+3+4 అన్నారే, అందులో మొదటి ఐదేళ్ల ముక్కకి సంబంధించింది. మా రంగానికి అంతకన్నా ముఖ్యమైన కాగితం అప్పట్లో లేదు. అయినా మా పేపర్లలో దాని ఊసు రాలేదు. మేమే ప్రింట్ తీసుకుని హాస్టల్ డాబా మీద కూర్చుని చదువుకున్నాం. రెండోది, నా థీసిస్ గైడ్ మధ్యలో మారారు, కొత్తగా వచ్చినవాళ్లు డేటా తీసుకునే టూల్ మొత్తం మార్చమన్నారు, అప్పటికే నేను పన్నెండు అంగన్‌వాడీలు తిరిగి సగం డేటా తెచ్చుకున్నాను. నాలుగు నెలలు పోయాయి. ఆ టెన్షన్‌లో మానేద్దామనుకున్న రోజులు కూడా ఉన్నాయి. గైడ్ ఎవరు, ఎప్పుడు రిటైరవుతారు, బదిలీ ఉందా, ఇవి సీనియర్లని అడిగి తెలుసుకుని గానీ టాపిక్ ఖాయం చేసుకోకండి. మూడోది స్టాటిస్టిక్స్. బైపీసీ చదివి వచ్చిన అమ్మాయిలు ఎక్కువమంది, వాళ్లకి మొదటినుంచి చెప్పేవాళ్లు కావాలి, మాకు సూత్రాలు బోర్డు మీద రాసి వెళ్లిపోయేవారు. నేను బయట ఒకరి దగ్గర నెలరోజులు చెప్పించుకున్నాను.

నాలుగో ఫిర్యాదు ఏ ఒక్క కాలేజీదీ కాదు, అన్నింటికన్నా పెద్దది అదే. చదువంతా ఇంగ్లీషులో ఉంటుంది, రేపు పనిచేసేది తెలుగులో. ఫైన్ మోటార్ (వేళ్ల పనితనం), కన్సర్వేషన్ (గ్లాసు మారినా కొలత మారదని తెలియడం), ప్యారలల్ ప్లే (పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడం), సెల్ఫ్ రెగ్యులేషన్ (తనని తాను ఆపుకోవడం), ఇవన్నీ వల్లెవేసి బయటికి వచ్చి, మొదటి శిక్షణ తరగతిలో నలభైమంది అంగన్‌వాడీ టీచర్ల ముందు నిలబడితే నా నోట మాట రాలేదు. వాళ్లకి అర్థమయ్యేలా చెప్పే మాటలు నా దగ్గర లేవు. వెనక వరుసలో ఒక పెద్దావిడ, సర్వీసులో ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది, నా ఇబ్బంది చూసి, "అంటే చెయ్యి చాపించి పప్పు పెట్టి, కూర పెట్టి ఆడిస్తామే, అదేగా మేడమ్ మీరనేది?" అంది. సరిగ్గా అదే. పసిపిల్లల అరచేతిలో పప్పు, కూర, నెయ్యి, పెరుగు అంటూ ఒక్కోటి వడ్డించి, వేళ్లు ఒక్కొక్కటి మడిచి, అమ్మకి, నాన్నకి, తాతకి అని ముద్దలు పంచి, ఆఖరున మోచేతిమీదుగా వేళ్లు నడిపించి చంకలో చక్కిలిగిలి పెడతాం. తనవంతు కోసం ఆగడం, తర్వాత ఏం వస్తుందో ఊహించడం, వేళ్లు విడివిడిగా తెలియడం, ఇంట్లోవాళ్ల పేర్లు, లెక్క, అన్నీ అందులో ఉన్నాయి. రెండేళ్లలో ఒక్క క్లాసులో కూడా ఆ ఆట పేరు ఎత్తలేదు. చెమ్మచెక్క, కాళ్లాగజ్జా కంకాళమ్మా, వీరి వీరి గుమ్మడిపండు, చింతగింజలు, ముగ్గు చుక్కలు, ఇవన్నీ పాఠంలో ఉండాల్సినవి. ఇప్పుడు నా శిక్షణలో ఇంగ్లీషు మాట ఒక్కటి కూడా వాడకుండా మూడు రోజులు చెప్పగలను, దానికి నాకు ఏడాదిన్నర పట్టింది. చేరబోయేవాళ్లు మొదటి సెమిస్టర్ నుంచే ఒక పుస్తకం పెట్టుకుని ప్రతి కొత్త మాటకీ మీ అమ్మమ్మ ఏమంటుందో రాసుకోండి, నిజంగా చెప్తున్నాను.

ఖర్చు విషయం. ఫీజు, హాస్టల్, మెస్, థీసిస్ కోసం బస్సు ఛార్జీలు, ప్రింట్లు, అన్నీ కలిపి రెండేళ్లకి నాకు లక్షా నలభై వేలు అయింది. ప్లేస్కూల్లో నా ఆఖరి జీతం తొమ్మిది వేల ఐదొందలు, కాబట్టి దాచుకున్నది చాలక అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం. విడిపించేశాం కూడా.

ఉద్యోగాల గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఎమ్మెస్సీ చేస్తే డీఎస్సీ రాయొచ్చా అని చాలామంది అడుగుతారు. ప్రాథమిక బడి టీచర్ (ఎస్జీటీ) పోస్టుకి డీఎడ్, టెట్ కావాలి, ఈ పీజీ దానికి పనికిరాదు. ఇది తెలియక చేరి మా బ్యాచ్‌లో ఒకమ్మాయి చివర్లో చాలా ఏడ్చింది. హోమ్ సైన్స్ వాళ్లకి ప్రభుత్వంలో పెద్ద ఆశ అంటే స్త్రీ శిశు సంక్షేమ శాఖలో అంగన్‌వాడీలు చూసే సూపర్‌వైజర్, సీడీపీవో (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి) పోస్టులు. తెలంగాణలో 2022లో 181 సూపర్‌వైజర్ పోస్టులకి, 23 సీడీపీవో పోస్టులకి నోటిఫికేషన్లు వచ్చాయి. రాష్ట్రమంతా కలిపి అన్ని, అదీ ఏళ్ల తర్వాత. వాటి కోసం చదవండి, కానీ వాటిమీదే కూర్చోకండి. లెక్చరర్ కావాలంటే యూజీసీ నెట్‌లో హోమ్ సైన్స్ ఉంది, అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు, పీహెచ్‌డీ ఇంట్లోవాళ్ల మీద భారం లేకుండా అయిపోతుంది. మా సీనియర్లలో ఇద్దరు ఆ దారిలోనే ఉన్నారు.

ప్రైవేట్‌లో నాకు మొదట వచ్చింది ఒక ప్లేస్కూల్ చెయిన్‌లో సెంటర్ హెడ్ పని, పద్దెనిమిది వేలు. ఇంటర్వ్యూలో పిల్లల గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, అడ్మిషన్లు ఎన్ని తేగలరు అన్నారు. వద్దని వచ్చేశాను. మూడు నెలలు ఖాళీగా ఉన్నాక ఇప్పుడున్న సంస్థ దొరికింది, మొదట ముప్ఫైరెండు వేలు, ఇప్పుడు కొంచెం పెరిగింది. ప్లేస్మెంట్ సెల్ వల్ల కాదు, థీసిస్‌కి తిరిగినప్పుడు పరిచయమైన ఒక సూపర్‌వైజర్ మేడమ్ చెప్పడం వల్ల. వారంలో నాలుగు రోజులు మండలాలు తిరగాలి, బస్సులు, ఎండ, మధ్యాహ్నం కేంద్రంలోనే భోజనం. ఈ పనిలో డిమాండ్ పెరుగుతోంది, అది నా కళ్లతో చూస్తున్నాను. 2023 మేలో కేంద్రం పోషణ్ భీ పఢాయీ భీ అని మొదలుపెట్టింది, అంగన్‌వాడీ టీచర్లకి మూడు రోజుల శిక్షణలు నడుస్తున్నాయి. 2024 మార్చిలో ఆధారశిల, నవచేతన అని రెండు పాఠ్యప్రణాళికలు ఇచ్చారు, ఒకటి మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకి, ఇంకోటి మూడేళ్ల లోపువాళ్లకి. వీటిని తెలుగులో, కేంద్రంలో ఉన్న సామానుతో, ఒక్క గదిలో చేసి చూపించేవాళ్లు కావాలి.

కిందటి నెల ఒక సెక్టార్ మీటింగ్‌లో ఒక టీచర్ లేచి, "గుడ్లు, బాలామృతం, బరువులు, ఫోన్‌లో ఎంట్రీలు అయ్యేసరికి పన్నెండవుతుంది మేడమ్, ఇంక ఆటలెప్పుడు ఆడించమంటారు?" అంది. ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. వాళ్లకి నెలకి ఇచ్చేది తెలంగాణలో 2021లో 13,650 చేశారు, ఆంధ్రలో 2019లో 11,500 చేశారు, పని మాత్రం ఇద్దరిది. నేను ఆ కేంద్రానికి వెళ్లి ఒకపూట కూర్చున్నాను, పుస్తకం తీసి, కాలేజీలో నేర్పినట్టే. పిల్లలు చేతులు కడుక్కోవడానికి లైన్లో నిలబడి ఉండే సమయం రోజుకి ఇరవై నిమిషాలు, ప్లేట్లు వేసేదాకా గోడకి ఆనుకుని కూర్చునేది ఇంకో పావుగంట. ఆ లైన్లోనే పొడవు, పొట్టి, ముందు, వెనక, ఎవరి తర్వాత ఎవరు, కుళాయి దగ్గర పాట, ప్లేట్లు ఎన్ని కావాలో పిల్లలచేతే లెక్క, అన్నీ పెట్టొచ్చని ఇద్దరం కలిసి రాసుకున్నాం. పదిహేను రోజుల తర్వాత వెళ్తే, అంతకుముందు నోరు విప్పని ఒక పాప ఎవరూ అడగకుండానే "టీచర్, ఇంకా రెండు ప్లేట్లు తక్కువ" అంటూ వచ్చింది. నా జీతం ఎంతైనా కానీ, ఆ పని చేయగలుగుతున్నది ఈ కోర్సు వల్లే.

అందరికీ పీజీ అక్కర్లేదు కూడా. ఇంటర్ అయినవాళ్లు నేరుగా ఈ రంగంలోకి రావాలంటే తెలంగాణలో డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డీపీఎస్ఈలో చేరొచ్చు, రెండేళ్ల ప్రీస్కూల్ డిప్లొమా, డీఎడ్ గురించే అందరికీ తెలుసు గానీ దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఉద్యోగం చేస్తూ ఇంటి నుంచి చదవాలనుకునేవాళ్లకి ఇగ్నోలో చిన్నపిల్లల సంరక్షణ, విద్య డిప్లొమా ఉంది, ఇంటర్ చాలు. మా ప్లేస్కూల్లో నాతో చేసిన ఒకావిడ అది చదివింది, ఆవిడ పుస్తకాలు నేనూ తిరగేశాను, ఆరోగ్యం, పోషణ మీద పాఠాలు చాలా తేలిక భాషలో ఉంటాయి. నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఎడ్‌లో కూడా ఫౌండేషనల్ స్టేజ్ (3 నుంచి 8 ఏళ్ల పిల్లలు) అని ఒక శాఖ వచ్చింది, దానికి ఎన్‌సీఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. పీజీ కావాలంటే, కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ ఉన్నవాళ్లు వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) పీజీ ఎంట్రన్స్‌తో హైదరాబాద్ జయశంకర్ వ్యవసాయ యూనివర్సిటీలాంటి చోట్లకి వెళ్లొచ్చు. తిరుపతి పద్మావతి మహిళా యూనివర్సిటీలో హోమ్ సైన్స్ విభాగం ఉంది. హోమ్ సైన్స్ కాకుండా అచ్చంగా చిన్నపిల్లల విద్యలోనే ఎమ్మే కావాలంటే ఢిల్లీ అంబేద్కర్ యూనివర్సిటీ.

ఎదుగుదలలో తేడాలున్న పిల్లలతో పనిచేయాలని మీ మనసులో ఉంటే మాత్రం నేను చేసింది చేయకండి. థెరపీ సెంటర్లు మా ఎమ్మెస్సీని చూసి తీసుకుంటాయి, కానీ స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చట్టప్రకారం పనిచేయాలంటే ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) గుర్తింపు ఉన్న కోర్సు చేసి, అక్కడ నమోదు కావాలి. దానికి మనకి ఊళ్లోనే ఉంది, సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని నీపిడ్ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ), అక్కడ ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో, అంటే పసివయసులోనే తేడాలు గుర్తించి సాయం చేయడంలో, పీజీ డిప్లొమా, ఎమ్మెస్సీ రెండూ ఉన్నాయి. మా బ్యాచ్‌లో ఇద్దరు మాతో పూర్తిచేసి మళ్లీ మొదటినుంచి ఆ దారిలోకి వెళ్లారు. ముందే తెలిసుంటే రెండేళ్లు మిగిలేవి.

అమెరికా సంగతి కూడా అడుగుతారు, పెళ్లయి వెళ్లేవాళ్లు. మా పెద్దమ్మ కూతురు డాలస్‌లో డేకేర్‌లో చేస్తోంది. అక్కడ సీడీఏ అని ఒక సర్టిఫికెట్, 120 గంటల శిక్షణ, 480 గంటలు పిల్లలతో పని చూపించాలి, మూడేళ్లకోసారి రెన్యూ చేసుకోవాలి. పని చేయడానికి వీసాలో అనుమతి ఉంటేనే ఇదంతా. జీతం మరీ ఊహించుకోకండి, అక్కడి లెక్కల్లోనే 2023లో ప్రీస్కూల్ టీచర్ల మధ్యస్థ జీతం ఏడాదికి 37,130 డాలర్లు, ఆ దేశంలో అది తక్కువే. అక్కకి పని ఇష్టం, అందుకే చేస్తోంది.

ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. మా అత్తయ్య కూడా "పిల్లల్ని ఆడించడానికి ఇంకో రెండేళ్ల చదువా అమ్మా" అన్నారు, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. నేను ఏమీ వాదించలేదు. సెలవుల్లో మా ఆడపడుచు కొడుకు బియ్యం డబ్బా దగ్గర కూర్చుని చిన్న చెంబుతో బియ్యం ముంచి పోస్తుంటే ఆవిడ లేపబోయారు, ఒక్క పది నిమిషాలు నాతో కూర్చుని చూడండి అత్తయ్యా అన్నాను. కూర్చున్నారు. వాడు చెంబు నిండాక పైన వేలితో సమంగా చేసి, ఒక్కో చెంబూ పోస్తూ ఒకటి, రెండు అంటున్నాడు, నాలుగు తర్వాత ఆరు. ఆవిడ చూస్తూ చూస్తూ, "నేను కొలిచేటప్పుడు అలాగే కదా వేలితో సమం చేస్తాను, ఎప్పుడు చూశాడు వీడు" అన్నారు. ఆ తర్వాత నా చదువు గురించి మా ఇంట్లో ఎవరైనా ఏదైనా అంటే జవాబు ఆవిడే చెప్తున్నారు.

చేరాలనుకున్న కాలేజీకి అడ్మిషన్ల ముందు ఒకసారి వెళ్లిరండి, పనిరోజు చూసుకుని, పొద్దున తొమ్మిదిన్నరకల్లా. ఆఫీసులో కాదు, నర్సరీ ఎక్కడుందో అడిగి అక్కడికి వెళ్లండి. పిల్లలు బల్లల ముందు వరసగా కూర్చుని పలకలమీద అక్షరాలు దిద్దుతుంటే ఆ కాలేజీ దాన్ని ల్యాబ్‌గా వాడటం లేదని అర్థం. ఇసుక తడిగా ఉందా, నీళ్ల తొట్టిలో నీళ్లు ఉన్నాయా, బొమ్మలు పిల్లల చేతికి అందే ఎత్తులో ఉన్నాయా లేక అద్దాల బీరువాలో తాళం వేసి ఉన్నాయా చూడండి. పీజీ అమ్మాయిలు ఎవరైనా పుస్తకం పట్టుకుని మూలన కూర్చుని ఉంటే పక్కకి పిలిచి, వారానికి ఎన్నిసార్లు వస్తారో, రాసింది ఎవరు దిద్దుతారో అడగండి. పిల్లలున్న చోటికి తెలియనివాళ్లని రానివ్వం, ముందు అనుమతి తీసుకోండి అని వాళ్లు మిమ్మల్ని గేటు దగ్గరే ఆపితే బాధపడకండి, అలా ఆపడం మంచి నర్సరీ లక్షణం, ఉత్తరం రాసిచ్చి ఇంకోరోజు వెళ్లండి.